ఫ్రిజ్‌లో ఐస్ మేకర్ విరిగిపోయింది, ఇంట్లో మనమే మార్చుకోవచ్చా?

సోంపేట_ఆడపడుచు:

అందరికీ నమస్తే. మాది సోంపేట దగ్గర ఊరు. మా ఇంట్లో పక్కపక్క తలుపుల పెద్ద ఫ్రిజ్ ఉంది, ఎడమవైపు పైనుంచి కింద దాకా ఫ్రీజరే. తమ్ముడు షిప్పులో పని చేస్తాడు, సెలవుకి వచ్చినప్పుడు కొని పెట్టి వెళ్ళాడు. వారంటీ ఎప్పుడో అయిపోయింది. వెనక నుంచి సన్నటి తెల్ల పైపు వేసి నీళ్ళు ఇచ్చారు, లోపల ఐస్ మేకర్ దానికదే నీళ్ళు పట్టుకుని, ఐస్ చేసి, కింద డబ్బాలో పడేస్తుంది.

కొన్నాళ్ళుగా ముక్కలు సగం సగమే వచ్చేవి, పలచగా, కొన్నిటికి మధ్యలో బోలు. ఆ తర్వాత అవి ట్రేలోంచి ఊడక అక్కడే ఉండిపోవడం, వాటి మీదే మళ్ళీ నీళ్ళు పడి మొత్తం ఒకటే గడ్డ కట్టడం మొదలైంది. మొన్న చుట్టాల పిల్లలు వచ్చి ఆ గడ్డని చెంచా కాడతో పెకలిస్తే ట్రే ఒక మూల చీలింది. ఇప్పుడు ఉండుండి లోపల కటకటమని చప్పుడు వస్తుంది గాని ఐస్ మాత్రం బొత్తిగా లేదు. ఫ్రీజర్ బాగానే పనిచేస్తోంది, చేపలు రాయిలా గడ్డ కడుతున్నాయి.

సర్వీస్ వాళ్ళకి ఫోన్ చేస్తే ఐస్ మేకర్ మొత్తం మార్చాలి, మనిషి శ్రీకాకుళం నుంచి రావాలి, ఎప్పుడొస్తాడో ఇప్పుడే చెప్పలేం అన్నారు. చెప్పిన ఖర్చు వింటే గుండె గుభేలుమంది.

ఐస్ సరదా కోసం అడగడం లేదండీ. నాన్నగారికి డయాలసిస్ జరుగుతోంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని డాక్టరు గారు కొలత పెట్టారు. ఈ ఎండలకి ఆ కొలత ఎక్కడ సరిపోతుంది, మధ్యాహ్నానికే నాలుక పిడచకట్టుకుపోతుంది. గ్లాసుడు నీళ్ళు ఇవ్వలేం కదా, ఒక ఐస్ ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా చప్పరిస్తే ప్రాణం లేచి వస్తుంది ఆయనకి.

నాకు స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చు, ఫ్యాన్ కెపాసిటర్లు అవీ నేనే మార్చుకుంటాను. ఈ ఐస్ మేకర్ కొని తెచ్చుకుంటే ఇంట్లో బిగించుకోవచ్చా? గ్యాస్ పైపులకి ఏమైనా అవుతుందా అని ఒకటే టెన్షన్. చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

కోట_జంక్షన్_మెకానిక్:

చెల్లెమ్మా, ముందు ఆ గ్యాస్ భయం వదిలెయ్యండి. ఐస్ మేకర్‌కీ గ్యాస్ లైన్‌కీ సంబంధం లేదు. అది ఫ్రీజర్ లోపల రెండు మూడు స్క్రూల మీదో, ఒక కొక్కెం మీదో వేలాడుతూ ఉండే విడి పెట్టె. దానికి వచ్చేవి రెండే, ఒక వైరు కనెక్టరు, పైనుంచి ఒక నీళ్ళ గొట్టం. మా విజయనగరంలో ఏళ్ళ తరబడి ఫ్రిజ్‌లు విప్పుతున్నాను, కంప్రెసర్ పని ఇంట్లో చేసుకోమని ఎవరికీ చెప్పను, ఇది మాత్రం జాగ్రత్త ఉన్న మనిషి ఎవరైనా చేసుకోవచ్చు.

అయితే పార్ట్ కొనే ముందు రెండు విషయాలు చూసి చెప్పండి. మొదటిది, మీది ఏ రకం. ఒక రకంలో వెండిరంగు లోహపు అచ్చు ఉంటుంది, ఐస్ గట్టిపడ్డాక అచ్చు కింద హీటరు కాసేపు వెచ్చబెడుతుంది, పైనున్న పళ్ళ కడ్డీ తిరిగి ముక్కల్ని బయటికి తోస్తుంది. అందులో ఉండే థర్మోస్టాట్ సుమారు మైనస్ తొమ్మిది, పది డిగ్రీల దగ్గర పని మొదలుపెడుతుంది. రెండో రకంలో హీటరు లేదు, ప్లాస్టిక్ ట్రే ఉంటుంది, కింద చిన్న సెన్సరు ఐస్ అయిందో లేదో చూస్తుంది, మోటారు ఆ ట్రేని బోర్లించి తడిబట్ట పిండినట్టు మెలితిప్పుతుంది, ముక్కలు రాలిపోతాయి. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే కంపెనీల్లో రెండో రకమే చూస్తుంటాను. చెంచాతో పొడిస్తే చీలిందంటే మీదీ అదే అయ్యుంటుంది.

రెండోది, ఐస్ డబ్బా బయటికి తీసి, ఐస్ మేకర్ ముందు భాగం కింద వేలితో తడిమితే చిన్న టెస్ట్ బటన్ తగులుతుంది, చాలా మోడళ్ళకి ఉంటుంది. అది మూడు సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి, తర్వాత చెయ్యి వెనక్కి తీసెయ్యండి. ట్రే తిరుగుతోందా, తిరిగి యథాస్థానానికి వస్తోందా, వచ్చాక పైనుంచి నీళ్ళు పడుతున్నాయా, పడితే ధారగానా బొట్లుబొట్లుగానా, ఈ నాలుగూ చూడండి. మీ సమాధానం బట్టి ఏం కొనాలో చెప్తాను. ఊరికే ఐస్ మేకర్ కొనేసి బిగిస్తే, జబ్బు నీళ్ళ దగ్గర ఉంటే కొత్తదానికీ అదే గతి పడుతుంది.

సోంపేట_ఆడపడుచు:

అన్నయ్యా, చాలా థాంక్స్. మాది ప్లాస్టిక్ ట్రేయే. బటన్ దొరికింది. నొక్కితే మోటారు తిరుగుతున్న చప్పుడు వచ్చింది, ట్రే కొద్దిగా వణికి మళ్ళీ అలాగే ఉండిపోయింది, కటకటమన్నది ఆ మోటారు డబ్బాలోంచే. కాసేపటికి నీళ్ళు వచ్చాయి. ధార కాదు, సన్నగా జారింది అంతే. ట్రేలో గళ్ళు సగం కూడా నిండలేదు. చీలిన మూల నుంచి కొన్ని కిందకి కారిపోయాయి.

మాకు నీళ్ళు వాటర్ ప్యూరిఫయర్ నుంచి ఇచ్చారు. ప్యూరిఫయర్ వంటింటి గోడకి ఉంది, దాని కుళాయి దగ్గర టీ జాయింట్ వేసి పైపు లాగారు.

కోట_జంక్షన్_మెకానిక్:

అసలు సంగతి బయటపడింది. మోటారు డబ్బా లోపల పళ్ళ చక్రాలు అరిగిపోయాయి లేదా విరిగాయి, ట్రే చీలింది, కాబట్టి ఐస్ మేకర్ మార్చాల్సిందే, దాంట్లో అనుమానం లేదు. కానీ దాన్ని అంత దూరం తెచ్చింది నీళ్ళు. ట్రే నిండా నీళ్ళు పడితే ఐస్ మందంగా ఉండి, మెలితిప్పినప్పుడు టక్కున విడిపోతుంది. పలచటి ఐస్ అలా విడిపోదు, ప్లాస్టిక్‌తో పాటు వంగి అక్కడే అంటుకుని ఉంటుంది. ట్రే ఖాళీ అయిందనుకుని వాల్వ్ మళ్ళీ నీళ్ళు వదులుతుంది. పొర మీద పొర పేరుకుంటుంది. ఆ గడ్డని తిప్పలేక మోటారు ప్రతిసారీ బలం పెడుతుంది, చివరికి పళ్ళు పోతాయి. పిల్లలు చెంచా పెట్టకపోయినా ఇంకొన్నాళ్ళకి ఇదే జరిగేది, వాళ్ళని ఏమీ అనకండి.

గోడకి తగిలించే ప్యూరిఫయర్‌లో ఉండేది మామూలు ప్లాస్టిక్ ట్యాంకు, దాంట్లో ప్రెషర్ ఉండదు. మీరు గ్లాసు పట్టుకుంటే నీళ్ళు వాటి బరువు మీద కిందకి దిగుతాయి, అంతే. ఫ్రిజ్ పుస్తకాల్లో చాలావరకు కనీసం 20 పీఎస్ఐ ప్రెషర్ కావాలని రాసి ఉంటుంది, అంటే సుమారు 1.4 బార్, రెండూ ప్రెషర్ కొలతలే. గోడ మీద నాలుగడుగుల ఎత్తున్న ట్యాంకు అందులో పదో వంతు కూడా ఇవ్వదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఫ్రిజ్ వెనక ఉండే వాల్వ్ గట్టిగా మూసుకోవాలన్నా వెనక నుంచి నీళ్ళ ఒత్తిడి కావాలి, ఆ ఒత్తిడే లోపలి రబ్బరు పొరని నొక్కి పట్టుకుంటుంది. ప్రెషర్ చాలకపోతే మూసుకున్నాక కూడా బొట్టుబొట్టుగా కారుతుంది, ఆ బొట్టు ఫ్రీజర్‌లోకి వచ్చే గొట్టం మూతి దగ్గరే గడ్డకట్టి దారి మూసేస్తుంది. మీరు విప్పినప్పుడు ఆ గొట్టం తప్పకుండా చూడండి.

అరసవల్లి_రోడ్:

మెకానిక్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. మాది శ్రీకాకుళం. మాది ప్యూరిఫయర్ కూడా కాదు, నేరుగా మేడ మీది ట్యాంకు నుంచే, మధ్యలో ఫిల్టర్ ఒకటి పెట్టి ఇచ్చారు. మేడ మీద ట్యాంకు ఉంది కదా ప్రెషర్ ఎందుకుండదు అనుకుంటాం. లెక్క వేస్తే తెలుస్తుంది. 10 మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు దిగితే సుమారు ఒక బార్. ఒక అంతస్తు ఇంటికి ట్యాంకు దిమ్మతో కలిపి చూసినా ఆరేడు మీటర్లకి మించదు. అంటే 0.7 బార్, కావలసిన దాంట్లో సగం. నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కింద ఉన్నవాళ్ళకి సరిపోతుంది, పైనున్నవాళ్ళకి సరిపోదు.

పరికరాలేమీ లేకుండా చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఫ్రిజ్‌కి తలుపు మీద నీళ్ళు పట్టుకునే చోటు ఉంటే 170, 180 మిల్లీలీటర్ల గ్లాసు పెట్టి నొక్కండి. పది సెకన్లలో నిండితే ప్రెషర్ బాగున్నట్టే. నిండకపోతే ముందు ఫిల్టర్ అనుమానించాలి, ఫిల్టర్ ఆరు నెలలకోసారి మార్చమంటారు, మనం రెండేళ్ళయినా ముట్టుకోం. వానాకాలంలో నాగావళికి వరద వచ్చినప్పుడు నీళ్ళలో మట్టి ఎక్కువ, మా తెల్ల ఫిల్టర్ క్యాండిల్ ఇటుక రంగుకి తిరిగిపోతుంది. ఫిల్టర్ కొత్తదై ఉండి కూడా సన్నగా వస్తుంటే అది ప్రెషరే.

అమ్మా, మీ ఇంట్లో తేలిగ్గా కుదిరేది 20 లీటర్ల క్యాన్ పద్ధతి. క్యాన్‌లోకి పైపు వేసి మధ్యలో చిన్న డిస్పెన్సర్ పంపు పెడతారు. వాల్వ్ తెరుచుకుంటే పంపు ఆన్, మూసుకుంటే లైన్‌లో ప్రెషర్ పెరిగి దానికదే ఆగిపోతుంది. కొనేటప్పుడు ప్రెషర్ స్విచ్ ఉన్నదే అడగండి. స్విచ్ లేని పంపు ఇరవై నాలుగు గంటలూ తిరుగుతూనే ఉంటుంది, నాలుగు రోజుల్లో కాలిపోతుంది. క్యాన్ ఖాళీ అవ్వకుండా చూసుకోవాలి, నీళ్ళు లేకుండా తిరిగినా పంపు పోతుంది. మీరు ప్యూరిఫయర్ నీళ్ళే క్యాన్‌లో నింపుకోవచ్చు. లేదా ప్యూరిఫయర్ ట్యాంకు తర్వాత అదే పంపు పెట్టినా సరే, క్యాన్ అక్కర్లేదు, కాకపోతే ట్యాంకులో నీళ్ళున్నాయో లేదో కనిపెట్టుకుని ఉండాలి.

బోరు నీళ్ళు మాత్రం నేరుగా ఇవ్వొద్దు. మన వైపు బోర్లలో సున్నం ఎక్కువ. ఐస్ కరిగాక గ్లాసు అడుగున తెల్లటి నలకలు కనిపిస్తాయి చూశారా, అవి ఆ సున్నమే. మనకి కనిపించేది గ్లాసులో, కనిపించనిది వాల్వ్ మూతి దగ్గర జల్లెడలో పేరుకుంటుంది.

బొబ్బిలి_వీధి:

నేను వేరేగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. డయాలసిస్ మనిషి ఉన్న ఇంట్లో ఈ పంపులూ క్యాన్‌లూ అదనపు తలనొప్పి కాదా? రెండు ప్లాస్టిక్ ట్రేలు కొని, నీళ్ళు పోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే అయిపోతుంది. మా ఇంట్లో నలభై ఏళ్ళుగా అంతే. ఆడమనిషి ఒక్కతే కరెంటు వస్తువు విప్పడం, అదీ నీళ్ళు కారుతున్నది, నాకు మనసొప్పడం లేదు. మనిషి వచ్చేదాకా ఆగండి.

పలాస_సిస్టర్:

నేను నర్సుని, డయాలసిస్ యూనిట్‌లో పని చేస్తున్నాను. ఫ్రిజ్ సంగతి నాకు తెలీదు గాని ఐస్ గురించి రెండు ముక్కలు చెప్పాలి.

బొబ్బిలి వారి మాటలో ఒక సగం నాకు నచ్చింది. ఇవాళ రాత్రికే ట్రేలు పెట్టేయండి, ఐస్ మేకర్ బాగయ్యేదాకా మీ నాన్నగారు ఎదురు చూడక్కర్లేదు. ట్రే పెట్టే ముందు ఒక పని చేయండి. కొలత గ్లాసుతో నీళ్ళు కొలిచి ట్రే నింపండి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టాయో దాన్ని గళ్ళ సంఖ్యతో భాగించండి. ఒక ముక్కకి ఎన్ని నీళ్ళో తెలిసిపోతుంది, మామూలుగా పదిహేను, ఇరవై మిల్లీలీటర్ల మధ్య ఉంటుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఐస్ కూడా నీళ్ళే. ఇళ్ళల్లో చాలామంది తాగిన గ్లాసులు లెక్క రాస్తారు, చప్పరించిన ఐస్ రాయరు. పది ముక్కలంటే ఒక చిన్న గ్లాసు లోపలికి వెళ్ళినట్టే. తర్వాతి డయాలసిస్‌కి వచ్చేసరికి బరువు పెరిగి ఉంటారు, నీళ్ళు తాగలేదమ్మా అని ఒట్టేసి చెప్తారు, వాళ్ళు చెప్పేది అబద్ధం కూడా కాదు, ఐస్ ఎవరికీ గుర్తుండదు అంతే. పొద్దున్నే ఆ రోజు ముక్కలు ఒక చిన్న డబ్బాలో విడిగా పెట్టి, ఆ డబ్బా నీళ్ళు ఆయన కోటాలో ముందే తీసేయండి. మొత్తం ఎంత అన్నది మాత్రం మీ డాక్టరు గారు చెప్పినదే.

ఐస్ మేకర్ సగం సగం ముక్కలు ఇస్తుంటే ఈ లెక్క కుదరదు. అందుకే బాగు చేయించుకోవాలనుకోవడం మంచిదే అంటాను. కరెంటు పనికి భయం లేకపోతే చేసుకోండి.

ఇంకొకటి. ఎండల్లో ఐస్ దొరక్కపోతే చేపల మార్కెట్ దగ్గర పెద్ద దిమ్మ తెచ్చి పగలగొట్టి వాడే ఇళ్ళు చూశాను. అది చేపల కోసం చేసిన ఐస్, తాగే నీళ్ళతో చేసిందన్న నమ్మకం లేదు. అందుకే తినడానికి పనికిరాని ఐస్‌కి నీలం రంగు కలపాలని 2018లో ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, చెప్పింది. రంగు లేకపోయినా నమ్మొద్దు. డయాలసిస్ వాళ్ళకి ఇన్‌ఫెక్షన్ వస్తే తట్టుకోవడం కష్టం. నాన్నగారికి ఇంట్లో చేసిన ఐసే ఇవ్వండి.

సోంపేట_ఆడపడుచు:

సిస్టర్, ఈ మాట ఇన్నాళ్ళూ మాకు ఎవరూ చెప్పలేదు. ఐస్ మేము నిజంగానే లెక్కలో వేయడం లేదు. ట్రేలు ఇప్పుడే పెట్టేశాను. బొబ్బిలి వీధి గారూ, మీరు మా మంచి కోరి చెప్పారని తెలుసు, కానీ ఇంట్లో ఎప్పుడూ ఒకరు ఆసుపత్రి దగ్గరే ఉంటాం, ట్రేలు నింపడం ఎవరికీ గుర్తుండదు, అవసరం వచ్చే వేళకి ఖాళీ ట్రే వెక్కిరిస్తుంది. అది దానికదే తయారై ఉంటే ఆ ఒక్క ఆలోచన తప్పుతుంది.

పంపు కూడా తెప్పిస్తాను. అన్నయ్యా, విప్పడం ఎలాగో మొదటి నుంచి చెప్పరా?

కోట_జంక్షన్_మెకానిక్:

చెప్తాను, ఓపిగ్గా చదవండి.

పార్ట్ ముందు. ఫ్రిజ్ కుడివైపు గదిలో లోపలి గోడ మీద స్టిక్కరు ఉంటుంది, మోడల్ నంబరు పూర్తిగా, చివరి అక్షరాలతో సహా ఫొటో తీయండి. ఆ చివరి రెండు అక్షరాలు తేడా వస్తే కనెక్టరు పిన్నులు మారిపోతాయి. ఐస్ మేకర్ విప్పాక దాని ఒంటి మీద కూడా పార్ట్ నంబరు ఉంటుంది, వీలైతే దాంతోనే ఆర్డర్ ఇవ్వండి. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉన్నవి కొని, బిగియక మా షాపుకి పట్టుకొచ్చేవాళ్ళు బోలెడు మంది. ట్రే ఒక్కటే విడిగా దొరుకుతుంది, మీకు అది చాలదు, మోటారుతో కలిపి పూర్తి అసెంబ్లీ తీసుకోండి.

పని రోజున డోర్ మీద బటన్లలో ఐస్ మేకర్ ఆఫ్ చేయండి. తర్వాత ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు బయటికి రావాలి. వాల్వ్‌కి 230 వోల్టులు వెళ్ళే మోడళ్ళు చాలా ఉన్నాయి, అక్కడే నీళ్ళూ ఉన్నాయి, బొబ్బిలి వారి భయంలో అర్థం ఉంది. ప్లగ్గు మీ కళ్ళెదుట నేల మీద ఉంటే ఇంక భయం లేదు. వెనక నీళ్ళ పైపు కట్టేయండి. చేపలూ అవీ ఒక థర్మాకోల్ పెట్టెలో సర్దేయండి, పని అరగంటే కాబట్టి ఏమీ కావు.

ఫ్రీజర్ తలుపు తెరిచి ఒక పావుగంట వదిలేయండి. ఇది ఎవరూ చేయరు, అదే అసలు జాగ్రత్త. మైనస్ 18లో ఉన్న ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, వెంటనే క్లిప్పు నొక్కితే టప్పున విరుగుతుంది. కాస్త చల్లదనం తగ్గాక అదే క్లిప్పు వంగుతుంది.

ఐస్ డబ్బా లాగేయండి. ఐస్ మేకర్ పైన కానీ పక్కన కానీ స్క్రూలు కనిపిస్తాయి, కొన్నిటికి ప్లాస్టిక్ మూత ఉంటుంది. విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి, వైరు ఏ పక్కగా వెళ్ళిందో కూడా కనిపించాలి. ఒక చేత్తో ఐస్ మేకర్ పట్టుకుని రెండో చేత్తో ఆఖరి స్క్రూ విప్పండి, లేకపోతే బరువంతా వైరు మీద వేలాడుతుంది. కనెక్టరుకి ఒక పక్క చిన్న నాలుక ఉంటుంది, దాన్ని గోటితో నొక్కి కనెక్టరునే పట్టుకుని లాగాలి. వైర్లు పట్టుకుని లాగితే లోపలి పిన్ను ఊడి వస్తుంది, ఇక ఆ పని ఇంట్లో అయ్యేది కాదు.

ఇప్పుడు గొట్టం మూతి చూడండి. లోపల తెల్లగా ఐస్ కనిపిస్తే వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ చుట్టి పెట్టండి, చల్లారితే మళ్ళీ పెట్టండి, కరిగిపోతుంది. కత్తి, మేకు, పుల్ల ఏదీ లోపల పెట్టొద్దు. మరిగే నీళ్ళు పొయ్యొద్దు. వెనక వాల్వ్ దగ్గర పైపు ఊడదీసి, మూతిలో ఉన్న సన్నటి జల్లెడని పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగండి. ఆ తెల్ల పైపు ప్యూరిఫయర్లకి వాడే పావు అంగుళం పైపే, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. కనెక్టరు చుట్టూ ఉన్న రింగు లోపలికి నొక్కి పట్టుకుని లాగితే వస్తుంది. మళ్ళీ పెట్టేటప్పుడు చివర బ్లేడుతో తిన్నగా కోసి, లోపల తగిలే దాకా నెట్టాలి. కోత వంకరగా ఉంటే కారుతుంది.

కొత్తది బిగించేటప్పుడు వెనకటి ఫొటో చూసుకోండి. గొట్టం మూతి సరిగ్గా ట్రే పైకి రావాలి. ఐస్ మేకర్ ఒక పక్కకి ఒరిగి ఉండకూడదు, ఒరిగితే ఒక పక్క గళ్ళు పొర్లి ఇంకో పక్క ఖాళీగా ఉంటాయి. డబ్బా నిండిందో లేదో చూసే చిన్న చెయ్యి లాంటిది కిందకీ పైకీ తేలిగ్గా ఆడాలి, వైరు దానికి అడ్డం పడకూడదు. అది పైకి ఉండిపోతే డబ్బా నిండిందనుకుని ఐస్ చేయడం మానేస్తుంది.

నీళ్ళు వదిలి ముందు వెనక జాయింట్ దగ్గర పొడి కాగితం పెట్టి చూడండి, తడవకపోతే అప్పుడు ప్లగ్గు పెట్టండి. కొత్త ఫిల్టర్ వేస్తే డిస్పెన్సర్ నుంచి ఒక బకెట్టు నీళ్ళు పట్టి పారబోయండి. మొదటి ఐస్‌కి ఇరవై నాలుగు గంటల దాకా పట్టొచ్చు, బేగి రాలేదని బటన్ నొక్కుతూ కూర్చోవద్దు. మొదటి రెండు మూడు విడతల ఐస్ పారేయండి, కొత్త ప్లాస్టిక్ వాసన ఉంటుంది, నాన్నగారికి అసలే ఇవ్వొద్దు.

అరసవల్లి_రోడ్:

ఒక్క మాట కలుపుతున్నాను. పంపు అడాప్టర్‌ని ఫ్రిజ్ స్టెబిలైజర్‌కి పెట్టకుండా విడి సాకెట్‌కి పెట్టి, నేల మీద కాకుండా గోడకి ఎత్తున తగిలించండి. ఎక్కడైనా పైపు జారితే నీళ్ళు ముందు చేరేది నేల మీదకే. రాత్రి పూట, ఊరెళ్ళినప్పుడు పంపు ప్లగ్గు తీసేయడం అలవాటు చేసుకోండి. పంపు ఉంటే పైపు జారినా క్యాన్ మొత్తం ఖాళీ అయ్యేదాకా తోడుతూనే ఉంటుంది.

సోంపేట_ఆడపడుచు:

అన్నయ్యా, అరసవల్లి అంకుల్, సిస్టర్, అందరికీ చెప్పాలని వచ్చాను. ఐస్ మేకర్ బిగించాను, పనిచేస్తోంది!

పార్ట్ నంబరుతో ఆర్డర్ ఇస్తే అచ్చం సరిపోయింది. విప్పాక పాతదాని మోటారు డబ్బా ఊపితే లోపల విరిగిన ప్లాస్టిక్ పళ్ళు గలగలమన్నాయి. గొట్టం మూతి దగ్గర వేలెడు పొడుగు ఐస్ కడ్డీ ఉంది, అన్నయ్య చెప్పినట్టే. గుడ్డ చుట్టి పెడుతుంటే కాసేపటికి దానంతటదే జారి చేతిలో పడింది. వాల్వ్ జల్లెడలో సున్నం లేదు గాని నల్లటి జిగురు లాంటిది ఉంది, బ్రష్‌తో కడిగేశాను.

ప్యూరిఫయర్ దగ్గర కాకుండా క్యాన్ పద్ధతే పెట్టాను, పంపు కూడా ప్రెషర్ స్విచ్ ఉన్నదే. టెస్ట్ బటన్ నొక్కితే ట్రే తిరిగి వచ్చి నీళ్ళు ధారగా పడ్డాయి, అన్ని గళ్ళూ అంచు దాకా నిండాయి. పారేయాల్సిన ఐస్ పారేశాం. తర్వాత వచ్చినవాటిలో ఒక పది ముక్కలు కొలత గ్లాసులో కరిగించి చూశాను, ముక్కకి పన్నెండు మిల్లీలీటర్లు తేలింది. సిస్టర్ చెప్పినట్టు నాన్నగారి డబ్బా మీద ఆ అంకె రాసి అంటించాను, ఇప్పుడు ఆయనే లెక్క వేసుకుంటున్నారు.

అన్నీ కలిపినా సర్వీస్ వాళ్ళు చెప్పినదాంట్లో సగానికి తక్కువే అయింది.

పలాస_సిస్టర్:

చాలా సంతోషం అమ్మా. క్యాన్‌ని వారానికోసారి కడిగి ఎండలో ఆరబెట్టండి, ఐస్ డబ్బా కూడా. ఆ జల్లెడలో నల్లటి జిగురు అన్నారు కదా, అలాంటిది నిలవ నీళ్ళలో పెరుగుతుంది.

బొబ్బిలి_వీధి:

సంతోషం తల్లీ, చాలా శ్రద్ధగా చేశారు. మెకానిక్ గారూ, ఇది చదివాక మా ఇంట్లో సంగతి గుర్తొచ్చింది. మాది చిన్న ఫ్రిజ్, ఫ్రీజర్‌లో ట్రేకి పక్కన గుండ్రటి పిడి ఉంటుంది, అది తిప్పితే ఐస్ కింద పడుతుంది. ఆ పిడి విరిగి చాలా రోజులైంది. దానికీ ఇంత పని ఉంటుందా?

కోట_జంక్షన్_మెకానిక్:

ఉండదు మాస్టారూ. దానికి వైరు లేదు, నీళ్ళ పైపు లేదు. కింద డబ్బా తీసి, మొత్తం ఫ్రేమ్‌ని కొద్దిగా పైకెత్తి ముందుకి లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. పిడి, ట్రే కలిపి దొరుకుతాయి. మీ ఫ్రిజ్ స్టిక్కరు ఫొటో పెట్టండి, ఏది సరిపోతుందో చూసి చెప్తాను.